కాఓర్ నల్ల వైన్: సీసా ఎంచుకోవడం నుంచి పక్కన వంట దాకా

కాఓర్ వైన్ మొదటిసారి తాగినవాళ్ళలో చాలామంది మళ్ళీ దాని జోలికి వెళ్ళరు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. వాళ్ళు దాన్ని ఉత్తినే, పక్కన తినడానికి ఏమీ లేకుండా తాగి ఉంటారు, లేకపోతే కారం కారంగా ఉన్న వేపుడుతో తాగి ఉంటారు. నేనూ అదే చేశాను. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో కాపురం పెట్టిన కొత్తల్లో ఇంటికి స్నేహితులొస్తే గోంగూర మాంసం వండి, ఇక్కడివాళ్ళు మెచ్చుకునే మంచి కాఓర్ సీసా ఒకటి తెరిచాను. రెండు ముద్దలు తిని ఒక గుక్క తాగేసరికి నోరు భగ్గుమంది, వైన్ చేదెక్కింది, మాంసం రుచీ పోయింది. అంత ఖరీదు పెట్టిన సీసా సగానికి సగం మిగిలిపోయింది.

నేర్చుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది కానీ విషయం చిన్నదే. ఈ వైన్ వగరు. వగరుకి కొవ్వు కావాలి, కారం పనికిరాదు. సీసా ఎలా కొనాలి, ఎప్పుడు తెరవాలి, పక్కన ఏం వండాలి అనేవన్నీ ఇక్కణ్ణుంచే మొదలవుతాయి. ఫ్రాన్స్‌లో ఉంటున్నవాళ్ళకీ, అటు వెళ్ళొచ్చేవాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నాను.

అసలు ఇది ఎక్కడి వైన్

పేరు రాయడంలో చివర ఒక ఎస్ ఉంటుంది కానీ పలకరు. కాఓర్ అంటే చాలు. తులూజ్‌కి ఉత్తరంగా 110 కిలోమీటర్ల దూరంలో, లోత్ నది మూడు వైపులా చుట్టుకున్న పాత పట్నం అది. ఆ ప్రాంతాన్ని వెనకటి నుంచీ కెర్సీ అంటారు. పట్నం నుంచి పడమరగా నది పాములా మెలికలు తిరుగుతూ పోతుంది. పార్నాక్, లుజెక్, ప్రెసాక్, ప్యుయ్ లెవెక్ లాంటి ఊళ్ళ మీదుగా రెండు ఒడ్డులా ద్రాక్షతోటలే.

ద్రాక్ష పేరు మాల్బెక్. తొక్క నల్లగా, మందంగా ఉంటుంది. రంగూ వగరూ తొక్కలోనే ఉంటాయి కాబట్టి వైన్‌కి రెండూ దండిగా దిగుతాయి. అందుకే దీన్ని శతాబ్దాల నుంచి నల్ల వైన్ అంటున్నారు. ఆ వగరు ఎలాంటిదో తెలుగువాళ్ళకి వివరించడం తేలిక. నేరేడు పళ్ళు నాలుగు తిన్నాక నాలుక ఊదారంగులోకి తిరిగి, బుగ్గల లోపల పట్టేసినట్టు ఉంటుంది చూడండి, అదే. వైన్ గురించి రాసేవాళ్ళు దాన్ని టానిన్ అంటారు. మనకి షడ్రుచుల్లోనే వగరుకి చోటుంది కాబట్టి నేను వగరనే అంటాను.

ఈ వైన్ చాలా కష్టాలు పడి వచ్చింది. నది దిగువన బోర్డో రేవు ఉంది. అక్కడి వర్తకులు తమ సరుకు అమ్ముడయ్యేదాకా ఎగువ నుంచి వచ్చే వైన్లని రేవులోనే ఆపేసే హక్కు పట్టుకుని కూర్చున్నారు. 1776లో రాజు మంత్రి త్యుర్గో రద్దు చేసేదాకా ఆ హక్కు నడిచింది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఫిలోక్సెరా పురుగు వేళ్ళు కొరికి తోటల్ని తుడిచిపెట్టింది. మళ్ళీ నిలదొక్కుకుంటుండగా 1956 ఫిబ్రవరిలో విపరీతమైన మంచు పడి దాదాపు తోటలన్నీ మాడిపోయాయి. అప్పుడు రైతులు మళ్ళీ నాటిన తీగల్లో మాల్బెక్‌దే పైచేయి. 1971లో ప్రభుత్వం కాఓర్‌కి పేరు రక్షణ ఇచ్చింది. మన బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు ఉన్నట్టే అనుకోండి, కాకపోతే ఇక్కడ ఊరుతో పాటు ద్రాక్ష పాళ్ళు కూడా చట్టంలో ఉన్నాయి. కనీసం 70 శాతం మాల్బెక్ ఉండాలి, మిగతాది మెర్లో, తనా అనే రెండు ద్రాక్షలే. ఈ పేరుతో ఎరుపు వైన్ తప్ప తెలుపు ఉండదు. ఎవరైనా తెల్ల కాఓర్ అని చూపిస్తే అది వేరే పేరుతో వచ్చిన పక్క సరుకని తెలుసుకోండి.

సీసా ఎంచుకోవడం

దుకాణంలో ముందు లేబుల్ మీద కాఓర్ అనే మాట, దాని పక్కనే ఆపెలాసియోన్ (పేరు రక్షణ ఉందని చెప్పే మాట) ఉన్నాయో లేదో చూడండి. మాల్బెక్ అని ఒక్కటే ఉంటే సరిపోదు. 1853లో మిషెల్ పూజే అనే ఫ్రెంచి వ్యవసాయ నిపుణుడు అర్జెంటీనాకి పట్టుకెళ్ళిన ద్రాక్షల్లో మాల్బెక్ కూడా ఉంది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువ మాల్బెక్ అక్కడే పండుతోంది. అక్కడి ఎండకి అది మెత్తగా, తియ్యటి పళ్ళ వాసనతో వస్తుంది. అదీ మంచిదే. కానీ దానికి నప్పే తిండి వేరు, కాఓర్‌కి నప్పే తిండి వేరు. ఇక్కడ నేను చెప్పే లెక్కలు దానికి సరిగ్గా కుదరవు.

తర్వాత వెనక లేబుల్ చదవండి. మాల్బెక్ 70, 80 శాతం ఉండి మిగతాది మెర్లో అయితే ఆ వైన్ మెత్తగా, పళ్ళ రుచితో, తొందరగా తాగడానికి వీలుగా ఉంటుంది. వయసు రెండు మూడేళ్ళు ఉన్నా చాలు. పూర్తిగా మాల్బెక్ అయి, ఓక్ పీపాల్లో పెట్టామని రాసి ఉంటే అది గట్టి పిండం. దాన్ని ఐదారేళ్ళ వయసు రాకముందే తెరిస్తే నోరంతా పట్టేస్తుంది. మంచి ఏడాదిది, మంచి తోటది అయితే పదిహేనేళ్ళు కూడా నిలుస్తుంది.

నేల కూడా చెబుతుంది, వినే ఓపికుంటే. నది పక్కన నేల మెట్లు మెట్లుగా పైకి లేస్తుంది. కింది మెట్ల ఒండ్రులో పండింది సాత్వికంగా ఉంటుంది. పై మెట్ల గులకరాళ్ళలో పండింది బిగువుగా ఉంటుంది. అన్నిటికంటే పైన సున్నపురాయి పీఠభూమి ఉంది, దాన్ని కోస్ అంటారు. రాత్రుళ్ళు అక్కడ చల్లగా ఉంటాయి కాబట్టి ఆ వైన్‌లో పులుపు కాస్త ఎక్కువ. వేడి వేడి కొవ్వు వంటల పక్కన ఆ పులుపు ఎంతో హాయి. నన్నడిగితే మొదటి సీసా కింది మెట్లది, రెండో సీసా కోస్ మీదది కొనమంటాను.

ధర గురించి టెన్షన్ పడక్కర్లేదు. పది యూరోల లోపే రోజువారీ భోజనానికి సరిపడే సీసా దొరుకుతుంది. దానికి రెట్టింపు పెడితే ఇంటికి అతిథులొచ్చినప్పుడు ధైర్యంగా తెరవగలిగేది వస్తుంది. అంతకు మించి పెట్టేముందు మీకీ వగరు నచ్చిందో లేదో తేల్చుకోండి. తోటల దగ్గరికే వెళ్ళి కొనేట్టయితే రుచి చూపిస్తారు. కారు మీరే నడుపుతుంటే మాత్రం రుచి చూసి, పక్కనున్న పాత్రలో ఉమ్మేయండి. అక్కడ అందరూ చేసేదే, ఎవరూ తప్పు పట్టరు. ఇండియాకి తెచ్చుకోవాలంటే కస్టమ్స్ లేకుండా మనిషికి రెండు లీటర్ల మద్యానికి అనుమతి ఉంది, అంటే మామూలు సీసాలు రెండు.

చల్లదనం, గాలి

ఎరుపు వైన్ గది వేడిమిలో తాగాలనే మాట పాత రాతి ఇళ్ళ కాలంలో పుట్టింది. అప్పటి గదులు పదహారు, పద్దెనిమిది డిగ్రీలు ఉండేవి. తులూజ్‌లో జులై నెలలో మా వంటింట్లో 28 ఉంటుంది. ఆ వేడిలో పోస్తే కాఓర్‌లో ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేం తెలియదు. అందుకే ఎండాకాలంలో తాగడానికి అరగంట ముందు ఫ్రిజ్‌లో పెట్టండి. సీసాని చేత్తో పట్టుకుంటే కొంచెం చల్లగా తగలాలి, చెయ్యి జిల్లుమనకూడదు. మరీ చల్లబడితే వగరు ఇంకా గరుగ్గా తగులుతుంది.

గాలి సంగతి ఇంతకంటే ముఖ్యం. వయసు తక్కువున్న గట్టి కాఓర్ తెరిచిన వెంటనే బిగదీసుకుని ఉంటుంది. కార్క్ తీసి సీసాని అలాగే వదిలేస్తే లాభం లేదు, సన్నటి మెడలోంచి గాలి ఏమాత్రం వెళ్ళదు. వెడల్పాటి గాజు కూజాలోకి వంపాలి. ప్రత్యేకమైన డికాంటర్ లేకపోతే మంచినీళ్ళ గాజు జగ్ చాలు. మెత్తటి రకానికి అరగంట, గట్టి రకానికి గంటన్నర, రెండు గంటలు ఉంచండి. కావాలంటే తెరిచిన వెంటనే ఒక చిన్న గుక్క, గంట తర్వాత ఇంకో గుక్క తాగి చూడండి. అది ఒకే సీసాలోదని నమ్మడం కష్టం.

పాత సీసాకి పద్ధతి తిరగబడుతుంది. పదేళ్ళు దాటిన దాంట్లో అడుగున మడ్డి చేరుతుంది. ముందురోజే నిలబెట్టి ఉంచాలి. వడ్డించే ముందు ఒక దీపం ముందు పట్టుకుని, నెమ్మదిగా, చెయ్యి ఆపకుండా వంపాలి. మెడ దగ్గరికి మడ్డి రాగానే ఆపేయాలి. దీన్ని గంటల తరబడి గాల్లో ఉంచకండి, ఉన్న వాసన పోతుంది.

గ్లాసులో మూడో వంతుకి మించి పోయకండి. ముక్కు పెట్టడానికి చోటుండాలి. గ్లాసు తిప్పితే అంచున ఊదారంగు చార నిలుస్తుంది. లేత వైన్ అయితే వయొలెట్ పూల వాసన, నల్ల రేగు, నేరేడు లాంటి పళ్ళ వాసన, వెనక కాస్త అతిమధురం తెలుస్తాయి. వయసొచ్చిన కొద్దీ తోలు, తడిసిన అడవి నేల, పుట్టగొడుగుల వాసన వైపు తిరుగుతుంది.

పక్కన ఏం వండాలి

వగరు నోట్లో ఏం చేస్తుందంటే, లాలాజలంలో ఉండే ప్రొటీన్లకి అతుక్కుని వాటిని ఉండ కట్టిస్తుంది. అందుకే నాలుక జారుడు పోయి ఎండినట్టవుతుంది. నోట్లో మాంసం, కొవ్వు ఉంటే వగరు వాటికి అతుక్కుంటుంది, నాలుకని వదిలేస్తుంది. వైన్ మెత్తబడుతుంది, కొవ్వు మొహం మొత్తదు. కెర్సీ వాళ్ళ వంటంతా బాతు కొవ్వు మీదే నడుస్తుంది. అక్కడి వైన్, అక్కడి వంట వందల ఏళ్ళు ఒకే బల్ల మీద కూర్చుని ఒకదానికొకటి సర్దుకున్నాయి.

మొదటిసారి వండేవాళ్ళకి నేను చెప్పేది మాగ్రే, అంటే కొవ్విన బాతు రొమ్ము మాంసం. ఒక ముక్క ఇద్దరికి సరిపోతుంది. ఒకవైపు మందంగా తెల్లటి కొవ్వు పొర ఉంటుంది. చాకుతో ఆ కొవ్వు మీద గళ్ళు గళ్ళుగా గాట్లు పెట్టండి, గాటు కొవ్వు దాకానే, మాంసానికి తగలకూడదు. రెండు వైపులా రాళ్ళుప్పు రుద్దండి. ఇప్పుడు ముఖ్యమైన సంగతి. పెనం చల్లగా ఉండగానే, నూనె చుక్క లేకుండా, కొవ్వు వైపు కిందికి పెట్టి అప్పుడు పొయ్యి వెలిగించండి. మంట మధ్యస్తం కంటే కాస్త తక్కువ. పెనం ముందే కాలితే పైపొర మాడి లోపలి కొవ్వు కరగదు. నెమ్మదిగా వేడెక్కితే రెండు నిమిషాలకి సన్నగా చిటపటలు మొదలై, కొవ్వు నెయ్యిలా కరిగి పెనమంతా నిండుతుంది. ఆ కరిగిన దాన్ని మధ్య మధ్యలో గాజు సీసాలోకి వంచుకోండి. ఎనిమిది, పది నిమిషాలకి అడుగు ముదురు బంగారు రంగుకొచ్చి కరకరలాడుతుంది. తిప్పి మూడు నాలుగు నిమిషాలు ఉంచి దించేయండి. ఐదు నిమిషాలు మూతేసి వదిలేసి, అడ్డంగా పలచటి ముక్కలు కోయండి. లోపల గులాబీ రంగుంటుంది, ఇక్కడ అలాగే తింటారు. ఆ రంగు చూసి మనవాళ్ళు వెనకాడతారు. ఇంకో మూడు నిమిషాలు ఉంచుకోవచ్చు, అంతకు మించితే పీచు పీచుగా అవుతుంది.

వంచుకున్న కొవ్వుని పారబోయకండి. చక్రాల్లా తరిగిన బంగాళాదుంపల్ని అందులోనే వేయించి, చివర్లో సన్నగా తరిగిన వెల్లుల్లి, పార్స్లీ చల్లండి. పొరుగున ఉన్న సార్లా పట్నం పేరుతో పిలిచే వేపుడు అది. మాగ్రే, ఆ దుంపలు, పక్కన ఒక గ్లాసు కాఓర్. ఈ ఒక్క భోజనం సరిగ్గా చేసి చూడండి, మిగతావన్నీ మీకే అర్థమవుతాయి.

అంత శ్రమ వద్దనుకుంటే కాన్ఫీ ఉంది. బాతు కాళ్ళకి ఉప్పు పట్టించి, వాటి కొవ్వులోనే గంటల తరబడి ఉడికించి, ఆ కొవ్వులోనే నిల్వ చేస్తారు. ఊరగాయ నూనెలో మునిగి ఉన్నట్టు ఇది కొవ్వులో మునిగి ఉంటుంది. డబ్బాల్లో దొరుకుతుంది. డబ్బాని వేడినీళ్ళలో కాసేపు ఉంచితే కొవ్వు కరిగి కాళ్ళు చితకకుండా బయటికొస్తాయి. తర్వాత 200 డిగ్రీల ఓవెన్లో, తోలు పైకి పెట్టి, అది కరకరలాడేదాకా ఇరవై నిమిషాలు. ఉప్పు బాగా ఉంటుంది కాబట్టి దుంపల్లో తగ్గించుకోండి.

గొర్రె మాంసం తినేవాళ్ళకి కెర్సీ గొర్రె గురించి చెప్పాలి. కోస్ మీద మేసే ఆ గొర్రెల ఒళ్ళు తెలుపు, చెవులు నలుపు, కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి వలయాలు. తొడ మాంసాన్ని వెల్లుల్లి, థైమ్‌తో ఓవెన్లో కాల్చి పెడితే పై మెట్ల కాఓర్ దానికి సరిజోడు. తెల్ల చిక్కుడు గింజలు, సాసేజ్, బాతు కలిపి నెమ్మదిగా ఉడికించే కాసులే కూడా అంతే, కానీ అది తిన్నాక ఆ పూట ఇంకే పనీ పెట్టుకోకండి.

మాంసం ముట్టనివాళ్ళు ఈ వైన్‌ని వదులుకోనక్కర్లేదు. కొవ్వు వెన్న నుంచి వచ్చినా ఫలితం ఒకటే. సెప్ అనే లావుపాటి అడవి పుట్టగొడుగుల్ని వెన్నలో, వెల్లుల్లితో ఎర్రగా వేయించండి. అవి దొరక్కపోతే మామూలు గోధుమరంగు పుట్టగొడుగులు చాలు, నీరంతా ఇగిరేదాకా ఓపిక పట్టాలి, అంతే. పాత సీసా ఉంటే నల్ల ట్రఫుల్ (నేల లోపల పెరిగే ఘాటు వాసన పుట్టగొడుగు) తురిమిన ఆమ్లెట్ దానికి తగ్గ గౌరవం. కాఓర్‌కి దక్షిణంగా లాల్బెంక్ అనే ఊళ్ళో చలికాలం మంగళవారాల్లో ట్రఫుల్ సంత జరుగుతుంది. బుట్టలో గుడ్డ కప్పి తెస్తారు, ఆ వాసనే ముందు పలకరిస్తుంది. చీజ్‌లో కాంతాల్, లైయోల్ లాంటి గట్టివి మంచి తోడు. రోకామదూర్ మేక చీజ్ చిన్న బిళ్ళలా 35 గ్రాములుంటుంది. పచ్చిగా తింటే దాని పులుపు వైన్‌తో తగాదా పెట్టుకుంటుంది. రొట్టె మీద పెట్టి ఓవెన్లో కరిగించి, పైన నాలుగు అక్రోటు పలుకులు వేస్తే ఆ గొడవ ఉండదు.

ఏవి పెట్టకూడదు, మన వంటల్లో ఏవి పెట్టొచ్చు

మిరపకారం వద్దు. కారం, ఆల్కహాల్ రెండూ నోటికి మంట పుట్టించేవే, కలిస్తే ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి, పైన వగరు గీరుతుంది. చింతపండు, గోంగూర, వెనిగర్ పులుపు వద్దు. చేపలతో ఇనుము నాకినట్టు ఉంటుంది. స్వీట్లు పక్కన పెడితే వైన్ వట్టి చేదు మందులా అయిపోతుంది.

మన వంటల్లో మిరియాల దారి పట్టినవి కుదురుతాయి. మాంసాన్ని ఉప్పు, అల్లం వెల్లుల్లితో ఉడికించి, నెయ్యిలో ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, దంచిన మిరియాలతో మగ్గబెట్టండి. టమాటా, నిమ్మరసం వేయకండి, పచ్చిమిర్చి ఒకటి చాలు. కొవ్వున్న ముక్కలు ఎంచుకోండి. మా ఇంట్లో గోంగూర మాంసం స్థానాన్ని ఈ వేపుడే తీసుకుంది. మెర్లో కలిసిన మెత్తటి కాఓర్ దీనికి బాగుంటుంది.

షాబ్రో

ఇది పల్లెటూళ్ళలో పెద్దవాళ్ళు చేసే పని. పద్ధతిగా వైన్ తాగాలనుకునేవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు, నాకు మాత్రం ప్రాణం. వెల్లుల్లి సూపో, కూరగాయలు మాంసం వేసి కాచిన సూపో లోతైన గిన్నెలో తాగుతారు. అడుగున రెండు గరిటెల వేడి రసం మిగలగానే ఆపి, అందులో అంతే కొలత ఎరుపు వైన్ పోస్తారు. గిన్నెని రెండు చేతులతో పట్టుకుని ఒకసారి తిప్పుతారు. పైన తేలే కొవ్వు చుక్కలు ఊదారంగులో చెదిరి, వెల్లుల్లి వాసనతో పాటు వెచ్చటి ద్రాక్ష వాసన లేస్తుంది. చెంచా పక్కన పెట్టి, గిన్నె పెదాలకి ఆనించి ఎత్తేస్తారు. చిన్నప్పుడు కంచంలో మిగిలిన చారుని ఎత్తి తాగిన చేతులకి ఇది కొత్తగా నేర్పక్కర్లేదు. ఖరీదైన సీసా దీనికి వాడకండి, రోజువారీది చాలు.

సీసాలో మిగిలితే

కార్క్ బిగించి, నిలబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. గట్టి కాఓర్ మర్నాటికి చెడకపోగా మెత్తబడి ఇంకా బాగుంటుంది. మూడో రోజుకి అయిపోగొట్టాలి. తాగేవాళ్ళు లేకపోతే మాంసం కూరలో ఉల్లిపాయలు వేగాక ఒక గ్లాసు పోసి, సగానికి ఇగిరాక ముక్కలు వేసి, సన్నటి మంట మీద రెండు గంటలు వదిలేయండి. ఇగుర్చకుండా ముక్కలు వేస్తే పచ్చి వాసన కూర దించేదాకా పోదు.